పెద్దకర్మ తర్వాత: పిల్లల దుఃఖం

(స్మారకోపన్యాస పాఠం)

తెలుగు ఇళ్ళలో చావుకి ఒక క్యాలెండరు ఉంది. మూడో రోజు చిన్నకర్మ, పదకొండో రోజో పన్నెండో రోజో పెద్దకర్మ, ఆపైన నెలనెలా మాసికాలు, ఏడాదికి సంవత్సరీకం. ముస్లింల ఇళ్ళలో నలభయ్యో రోజు ఉంటుంది, క్రైస్తవుల ఇళ్ళలో జ్ఞాపకార్థ కూడిక. కులాన్ని బట్టి, జిల్లాని బట్టి రోజులు అటూ ఇటూ అయినా వరస ఒకటే. మొదట ఇంటినిండా జనం, పెద్దకర్మ భోజనాలయ్యాక ఎవరి దారిన వారు. షామియానా విప్పేస్తారు, అద్దె కుర్చీలు ఆటో ఎక్కుతాయి. పెద్దవాళ్ళ దుఃఖానికి ఈ ఏర్పాటు ఎంతోకొంత ఆసరా. నలుగురిలో ఏడుస్తారు, జరిగింది పదిమందికి పదిసార్లు చెప్పుకుంటారు, కాస్త తెరిపిన పడతారు. పిల్లల దుఃఖం ఈ లెక్కకి దొరకదు. జనం ఉన్నన్నాళ్ళూ అది సరిగ్గా కనపడదు. ఇల్లు ఖాళీ అయ్యాక బయటికొస్తుంది, అప్పటికి చూసేవాళ్ళుండరు.

తల్లి శవం వాకిట్లో ఉండగా ఆరేళ్ళ పిల్ల పక్కింటి పిల్లలతో కలిసి అద్దె కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఆడుకుంటుంది. చూసినవాళ్ళు ‘పాపం, దానికేం తెలుసు’ అని కళ్ళొత్తుకుంటారు. ఆ రాత్రి పడుకోబోతూ అదే పిల్ల ‘రేపు నాకు జడెవరు వేస్తారు’ అని అడుగుతుంది. ఆటా, ప్రశ్నా రెండూ ఆ దుఃఖంలోవే. పెద్దవాళ్ళు దుఃఖంలో ఏటికి అడ్డం పడ్డట్టు రోజుల తరబడి ఈదుతారు. పిల్లలు వాన గుంటలో దూకి, మరుక్షణం గట్టెక్కి, మళ్ళీ దూకుతారు. ఎక్కువసేపు లోపల ఉండే బలం ఆ వయసుకి లేదు. నెదర్లాండ్స్‌లో మార్గరెట్ స్ట్రోబ, హెంక్ షూట్ 1999లో చేసిన ప్రతిపాదన ప్రకారం పెద్దల దుఃఖం కూడా ఇలా ఊగుతూనే ఉంటుంది. ఒకప్పుడు పోయినవారి మీదికి, ఒకప్పుడు బతుకు పనుల మీదికి మనసు మళ్ళుతుంటుంది. పిల్లల్లో ఆ ఊపు మరీ వేగంగా ఉంటుంది, అంతే. ఎలిజబెత్ క్యూబ్లర్-రాస్ 1969లో చెప్పిన ఐదు దశలను పిల్లలకి అంటగట్టి, ఇప్పుడు కోపం దశ, ఇక రాబోయేది కుంగుబాటు దశ అని ఎదురుచూడటం వల్ల ఉపయోగం లేదు. అసలు ఆ దశలు ఆమె మరణానికి దగ్గరైన రోగులతో మాట్లాడి చెప్పినవి.

చావంటే ఏమిటో పిల్లలకి ఒక్కసారిగా తెలిసిరాదు. హంగరీ పరిశోధకురాలు మరియా నాగీ బుడాపెస్ట్ ప్రాంతంలో మూడు నుంచి పదేళ్ళ వయసున్న 378 మంది పిల్లలతో మాట్లాడి, పెద్దపిల్లలతో రాయించి, బొమ్మలు గీయించి, ఆ వివరాలు 1948లో ప్రచురించింది. ఐదేళ్ళలోపు వాళ్ళు చావుని ప్రయాణంగానో నిద్రగానో చెప్పారు. ఆ తర్వాతి వయసువాళ్ళలో చాలామంది దాన్ని వచ్చి పట్టుకుపోయే ఒక మనిషిగా ఊహించారు. తొమ్మిది దాటినవాళ్ళు అది అందరికీ తప్పనిదని గ్రహించారు. తర్వాత వేరే దేశాల్లో చేసిన పరిశీలనల్లో ఆ ‘మనిషి’ అంతగా కనిపించలేదు. తెలుగు పిల్లలకైతే ఆయన పేరూ వాహనమూ ముందే తెలుసు. కాకపోతే ‘యమగోల’ (1977), ‘యమలీల’ (1994) లాంటి సినిమాల పుణ్యమా అని భయపెట్టేవాడిగా కంటే నవ్వించేవాడిగానే ఎక్కువ పరిచయం.

అమెరికాలో మార్క్ స్పీస్, శాండర్ బ్రెంట్ అప్పటిదాకా వచ్చిన పరిశీలనలన్నీ చదివి 1984లో మూడు సంగతులు తేల్చి చెప్పారు. పోయినవారు తిరిగిరారు. పోయాక ఒంట్లో ఏ పనీ జరగదు. ప్రతివారూ ఏదో ఒకనాటికి పోవలసినవారే. చాలామంది పిల్లలకి ఈ మూడూ ఐదు నుంచి ఏడేళ్ళ మధ్య పట్టుబడతాయి. వీటిలో రెండోదాన్ని పెద్దలు చప్పున మరిచిపోతారు, పిల్లలని రాత్రుళ్ళు నిద్రపోనివ్వనిది మాత్రం అదే. ‘మట్టిలో అమ్మకి ఊపిరాడుతుందా’, ‘కాల్చినప్పుడు నాన్నకి మంట పుట్టలేదా’, ‘వాన పడితే తాత తడిసిపోడా’ అని అడుగుతారు. వేదాంతం చెబితే ఈ ప్రశ్నలు తీరవు. గుండె ఆగిపోయింది, ఊపిరి ఆగిపోయింది, ఇక ఆ ఒంటికి ఆకలి, చలి, నొప్పి ఏవీ తెలియవు అని సాదాగా చెబితే ఆ పూటకి తీరతాయి. పిల్ల రేపు మళ్ళీ అడుగుతుంది. మళ్ళీ అదే జవాబు, అవే మాటల్లో చెప్పాలి.

ఇక్కడ తెలుగు భాష కొంచెం ఇబ్బంది పెడుతుంది. చావుకి మర్యాద మాటలు చాలా ఉన్నాయి. పోయారు, కన్నుమూశారు, కాలం చేశారు, దేవుడిలో కలిసిపోయారు. నాలుగేళ్ళవాడికి ‘పోయాడు’ అంటే ఎక్కడికో వెళ్ళాడనే అర్థం, వెళ్ళినవాళ్ళు సాయంత్రానికి వస్తారు కదా. ‘కన్ను మూశాడు’ అంటే తెరుస్తాడు. ‘నిద్రపోతోంది’ అని చెప్పించుకున్న పిల్ల నెలరోజులు పడుకోవడానికి మొరాయిస్తే ఆశ్చర్యపోనక్కరలేదు. ‘ఊరెళ్ళాడు’ అని చెప్పినచోట బస్సు చప్పుడైనప్పుడల్లా గుమ్మం వైపు చూడటం మొదలవుతుంది, నిజం తెలిసిన రోజు ఆ అబద్ధం చెప్పినవాళ్ళ మీద నమ్మకమూ పోతుంది. ‘మంచివాడని దేవుడు తీసుకెళ్ళాడు’ అన్న మాట వినసొంపుగా ఉంటుంది కానీ, అది విన్న పిల్లవాడు మంచిగా ఉండటానికి భయపడవచ్చు. ‘చచ్చిపోయాడు’ మొరటుగా తోస్తే ‘చనిపోయాడు’ ఉంది. స్పష్టతా ఉంది, మర్యాదా ఉంది. చుక్కల్లో ఉంది, దేవుడి దగ్గర ఉంది అనే మాటలు ఆ ఇంటి నమ్మకమైతే చెప్పవచ్చు, కానీ ఒంటికి ఏం జరిగిందో చెప్పాక చెప్పాలి.

హాస్టల్లో చదివే పిల్లల సంగతి వేరే. మేనమామో బాబాయో వచ్చి ‘తాతకి బాగోలేదు, పద’ అంటాడు. బస్సులో మూడు గంటలు కిటికీలోంచి చూస్తూ కూర్చుంటాడు, ఏం అడిగినా ముక్తసరిగా జవాబిస్తాడు. పిల్లకి సగం తెలిసిపోతుంది. వీధి మలుపు తిరగ్గానే షామియానా, కుర్చీలు, తన వైపు తిరిగిన అన్ని ముఖాలూ కనిపిస్తాయి. పోయింది తాత కాదు, నాన్న. దారిలో తట్టుకోలేదన్న దయతోనే ఆ అబద్ధం చెబుతారు. దాని ఫలితంగా జీవితంలోకెల్లా పెద్ద వార్తని ఆ పిల్ల నడివీధిలో, వందమంది చూస్తుండగా తెలుసుకోవలసి వస్తుంది. హాస్టల్ గదిలోనే, తలుపు వేసి, పక్కన కూర్చుని, రెండు వాక్యాల్లో చెప్పి, ఏడ్వనిచ్చి తీసుకొస్తే ఆ మూడు గంటల ప్రయాణం వేరేగా ఉంటుంది. దాస్తే పిల్లలకి తెలియదన్న నమ్మకం ఎంత ఉత్తదో పరిశోధకురాలు మైరా బ్లూబాండ్-లాంగ్నర్ 1978లో వెలువరించిన పుస్తకంలో చూపించింది. ఆసుపత్రిలో ల్యుకేమియాతో ఉన్న చిన్నపిల్లలు, ఎవరూ చెప్పకపోయినా, తాము బతకబోమని గ్రహించారు. పెద్దలు బాధపడతారని తెలియనట్టు నటించారు.

అంత్యక్రియల దగ్గర పిల్లలని ఉంచాలా, పక్కింటికి పంపేయాలా అన్నది ప్రతి ఇంట్లోనూ తగువే. ఈ రంగంలో పనిచేసేవారు సాధారణంగా చెప్పేది ఒకటే: అక్కడ ఏం జరుగుతుందో ముందుగా వివరించి, వస్తావా అని అడిగి, వద్దంటే బలవంతపెట్టకూడదు. వస్తానంటే వాడి చెయ్యి పట్టుకునే పని ఒక మనిషికి అప్పజెప్పాలి, వాడు మధ్యలో వెళ్ళిపోదామంటే ఆ మనిషి కూడా లేచి రావాలి. తలకొరివి పెట్టవలసిన ఎనిమిదేళ్ళవాడికి ఈ ఎంపిక ఉండదు కాబట్టి వివరణ మరింత అవసరం. తడిబట్టలతో, భుజాన నీళ్ళ కుండతో చితి చుట్టూ మూడుసార్లు తిరుగుతాడు. వెనక ఎవరో కుండకి చిల్లు పెడతారు. కుండ వెనక్కి పడేసి, నిప్పు పెట్టి, తిరిగి చూడకుండా రమ్మంటారు. ఎందుకో ఎవరూ చెప్పకపోతే, నాన్నని తానే కాల్చానని వాడు అనుకోగలడు. ఒళ్ళు ఇక నాన్న కాదు, సాగనంపే పని కొడుకుది కాబట్టి నీకిచ్చారు, పక్కన నేనున్నాను అని ముందురోజు రాత్రి ఒక్కరు చెబితే అదే పని జీవితాంతం గర్వంగా తలుచుకునేది కావచ్చు. ఆడపిల్లని చాలాచోట్ల శ్మశానానికి రానివ్వరు. దీపం వెలిగించడమో, ఫొటోకి దండ వేయడమో, నాన్నకిష్టమైన వంట ఆకులో పెట్టడమో ఆమెకంటూ ఒక పని ఉండాలి.

ఇంకో ఘట్టం ఉంది. పదో రోజునో పదకొండో రోజునో తల్లికి గాజులు తీసే తతంగం. చాలా ఇళ్ళలో ఇది తగ్గుతోంది, తగ్గవలసిందే. జరిగే ఇళ్ళలో మాత్రం పిల్లలు దాన్ని తలుపు సందుల్లోంచి చూస్తారు. బొట్టుతో, పూలతో లోపలికెళ్ళిన అమ్మ వేరే ముఖంతో బయటికొస్తుంది. తండ్రి పోయిన పన్నెండు రోజుల్లో తల్లి కూడా సగం పోయినట్టు ఆ పిల్లలకి తోస్తుంది.

తల్లినో తండ్రినో పోగొట్టుకున్న పిల్లలు ఎలా నెగ్గుకొస్తారన్నదానికి మంచి ఆధారం హార్వర్డ్ పరిశీలన. విలియం వోర్డెన్, ఫిలిస్ సిల్వర్‌మన్ బోస్టన్ ప్రాంతంలో 70 కుటుంబాల్లోని 125 మంది పిల్లలని, ఆరు నుంచి పదిహేడేళ్ళవాళ్ళని, చావు జరిగిన నాలుగు నెలలకి, ఏడాదికి, రెండేళ్ళకి కలిశారు. ఎక్కువమంది పిల్లలు తట్టుకుని నిలబడ్డారు. అయితే రెండేళ్ళనాటికి దాదాపు ఐదో వంతుమంది తీవ్రమైన ఇబ్బందుల్లో ఉన్నారు, తల్లిదండ్రులిద్దరూ ఉన్న పిల్లల్లో ఆ సంఖ్య చాలా తక్కువ. పైగా ఆ తేడా మొదటి ఏడాది చివర కంటే రెండో ఏడాది చివరే ఎక్కువ. పన్నెండు రోజుల క్యాలెండరుతో పిల్లల దుఃఖం ఎందుకు కుదరదో ఇక్కడ తేలుతుంది. ఉన్న తల్లి లేదా తండ్రి ఇంటిని ఎలా నడుపుతున్నారన్నది పిల్లల స్థితిని అన్నిటికంటే ఎక్కువగా నిర్ణయించింది.

దీని మీదే అరిజోనా స్టేట్ యూనివర్సిటీలో ఇర్విన్ శాండ్లర్ బృందం ఒక కార్యక్రమం తయారుచేసి, 156 కుటుంబాల్లోని 244 మంది పిల్లలతో పరీక్షించింది. పన్నెండు సమావేశాలు, పెద్దలకి వేరే, పిల్లలకి వేరే. పెద్దలకి నేర్పినవాటిలో గొప్ప చికిత్సలేవీ లేవు. రోజూ కాసేపు పిల్లతో మాత్రమే గడపడం, చెప్పేది అడ్డురాకుండా వినడం, అన్నం, నిద్ర, బడి వేళలు తప్పకుండా చూడటం, తండ్రి పోయాడు కదా అని నియమాలన్నీ వదిలేయకపోవడం. ఆరేళ్ళ తర్వాతా, పదిహేనేళ్ళ తర్వాతా చూసినప్పుడు కూడా ఆ పిల్లల్లో మేలు కనిపించింది. నియమాల సంగతి తెలుగు చుట్టాలకి మింగుడుపడదు. ‘తండ్రి లేని పిల్లాడు, ఏమనకండి’ అంటూ ఫోను చేతికిచ్చి, అడిగిందల్లా కొనిపెట్టే మేనత్తలు ప్రతి ఇంట్లో ఉంటారు. పిల్లవాడికి అందులో వినపడేది ఇల్లు మామూలుగా లేదన్న మాటే.

నేరభావం లోపల దాగి ఉంటుంది. చిన్నపిల్లలు తమ మాటకి, తలపుకి బలం ఉందనుకుంటారు. తమ్ముడితో కొట్లాటలో ‘నువ్వు చచ్చిపో’ అన్నవాడికి వారం తిరక్కుండా తమ్ముడు జ్వరంతో పోతే, ఆ లెక్క వాడు ఎవరికీ చెప్పడు. ‘నీవల్ల కాదు, నువ్వు అన్న మాటవల్ల కాదు’ అని, వాడు అడగకపోయినా, పెద్దలే చెప్పాలి. దానికి విరుద్ధంగా ‘పుట్టి తల్లిని మింగింది’, ‘నష్టజాతకుడు’ లాంటి మాటలు ఇంకా చలామణీలో ఉన్నాయి. పిల్లకి చేయగల హాని విషయంలో ఈ ఒక్క మాట ముందు మిగతా తప్పులన్నీ చిన్నవే.

తోబుట్టువుని పోగొట్టుకున్న పిల్లలని చుట్టాలు పలకరించరు, అమ్మానాన్నలు ఎలా ఉన్నారని మాత్రం వాళ్ళనే అడుగుతారు. ఈ దుఃఖాన్ని భారతీయ కళల్లో సత్యజిత్ రాయ్ ‘పథేర్ పాంచాలీ’ (1955) చూపినంత దగ్గరగా చూపింది అరుదు. అక్క దుర్గ చనిపోయాక, ఊరు వదిలివెళ్ళే ముందు సామాను సర్దుతుంటే అపుకి ఆమె దాచిన పూసల దండ దొరుకుతుంది. తీయలేదని ఆమె బొంకిన దండ అది. వాడు ఎవరికీ చెప్పకుండా దాన్ని చెరువులోకి విసిరేస్తాడు. నాచు విడిపోయి మళ్ళీ కప్పుకుంటుంది. వాడు ఏడ్వడు. అక్క పరువు కాపాడటమే వాడు ఆమెకి చేయగలిగిన కర్మ.

పోయినవారిని మరిచిపోవడమే కోలుకోవడమన్న భావన చాలాకాలం నడిచింది. 1917లో ఫ్రాయిడ్ రాసిన వ్యాసంలో దుఃఖం చేసే పని పోయినవారి నుంచి మనసుని విడదీయడమే. హార్వర్డ్ పిల్లలు ఆ పని చేయలేదు. వాళ్ళు పోయినవారితో మాట్లాడారు, కలలో చూశారు, వారి వస్తువొకటి దగ్గర ఉంచుకున్నారు. సిల్వర్‌మన్, డెనిస్ క్లాస్, స్టీవెన్ నిక్‌మన్ 1996లో సంకలనం చేసిన పుస్తకం ఈ తెగని బంధాన్ని సహజమైనదిగా నిలబెట్టింది. ఏటా తద్దినం పెట్టి పోయినవారిని భోజనానికి పిలిచే సమాజానికి ఇది కొత్త సంగతేమీ కాదు. పిల్లల విషయంలో మాత్రం అదే సమాజం ‘గుర్తుచేయకండి’ అంటూ బట్టలు పంచేస్తుంది, మంచం మార్చేస్తుంది. ఉతకని తువ్వాలు ఒకటి దిండు కింద పెట్టుకుంటే పెట్టుకోనివ్వాలి. వాసన పోయిన రోజున పిల్లే తీసేస్తుంది. పంచేముందు ఏది ఉంచుకుంటావని పిల్లని అడగాలి.

పద్నాలుగు, పదిహేనేళ్ళవాళ్ళకి చావు పెద్దలకి తెలిసినంతా తెలుసు, తట్టుకునే అనుభవమే లేదు. నాన్న వాట్సాప్‌లో పంపిన చివరి వాయిస్ మెసేజ్ అర్ధరాత్రి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వింటారు, పొద్దున్న అమ్మ ముందు మామూలుగా టిఫిన్ తింటారు. ఇంట్లోవాళ్ళతో కంటే స్నేహితులతోనే ఎక్కువ చెబుతారు, అది తప్పు కాదు. కొందరిలో దుఃఖం కోపంగా, బైకు వేగంగా, సిగరెట్టుగా, పడిపోయిన మార్కులుగా బయటపడుతుంది. వీటికంటే కనిపెట్టడం కష్టమైనది బుద్ధిమంతుల దుఃఖం. ‘ఇక ఇంటికి నువ్వే పెద్దదిక్కు’ అని శవం దగ్గరే భుజం తట్టి చెప్పేస్తారు. ఆ కుర్రాడు ఆ రోజు నుంచి ఏడుపు మానేసి కరెంటు బిల్లు కడతాడు. ఆడపిల్లయితే వంటింట్లోకి వెళ్ళిపోతుంది. ఊరంతా మెచ్చుకుంటుంది. తోడ్పడటం మంచిదే, పిల్లలకి దానివల్ల బలం వస్తుంది. చదువూ ఆటా స్నేహితులూ ఒక్కొక్కటే మాయమవుతుంటే ఆ పెద్దరికం తిరిగి తీసుకోవలసింది పెద్దలే.

బడి చేయగలిగింది చాలా ఉంది. గుండుతో బడికొచ్చిన పిల్లవాడికి ఏమైందో తరగతి మొత్తానికీ తెలుసు. టీచరు ఏమీ జరగనట్టు ఉంటే పిల్లలూ అలాగే ఉంటారు, లేదా విరామంలో గుచ్చిగుచ్చి అడుగుతారు. వాడు వచ్చేముందే, తోటిపిల్లలకి ఏం చెప్పమంటావని వాణ్ణే అడిగి, అంతే చెప్పడం మంచిది. పాఠం మధ్యలో ఏడుపొస్తే ఎవరినీ అడగకుండా బయటికెళ్ళి ఫలానా టీచరు దగ్గర కూర్చోవచ్చని ముందే మాట ఇచ్చి ఉంచాలి. ప్రోగ్రెస్ కార్డు మీద ఎవరి సంతకమైనా సరే అనాలి. ఫారంలో తండ్రి పేరు ముందు ‘లేట్’ అని రాయమని తరగతిలో పైకి చెప్పకూడదు. అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో 1982లో మొదలైన డగీ సెంటర్ లాంటి చోట్ల ఒకే రకం నష్టం ఎదురైన పిల్లలని కలిపి కూర్చోబెడతారు. గోడలకి పరుపులు తాపిన ‘అగ్నిపర్వతం గది’లో తన్ని, గుద్ది, అరవనిస్తారు. అంత ఏర్పాటు లేకపోయినా, గురుకులంలో తండ్రి లేని ముగ్గురు పిల్లలని ఒకరికొకరిని పరిచయం చేయడానికి ఖర్చేమీ కాదు.

కోవిడ్ ఈ సమస్యని ఒక్కసారిగా లెక్కల్లోకి తెచ్చింది. జాతీయ బాలల హక్కుల రక్షణ కమిషన్ సుప్రీంకోర్టుకి ఇచ్చిన వివరాల ప్రకారం 2020 ఏప్రిల్ నుంచి 2022 జనవరి 11 వరకు దేశంలో 1,47,492 మంది పిల్లలు తల్లినో తండ్రినో ఇద్దరినో కోల్పోయారు, లేదా వదిలివేతకు గురయ్యారు. ఆ మరణాల్లో కోవిడ్‌వే కాక ఇతర కారణాలవీ ఉన్నాయి. ఇద్దరూ పోయినవారు 10,094 మంది, ఒకరు పోయినవారు 1,36,910 మంది. 2021 మే నెలలో కేంద్రం ప్రకటించిన పీఎం కేర్స్ ఫర్ చిల్డ్రన్ పథకం ప్రధానంగా మొదటి వర్గానికి. 23 ఏళ్ళకి చేతికొచ్చేలా 10 లక్షల రూపాయలు, చదువు, ఆరోగ్య బీమా. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమూ అనాథలైన పిల్లల పేర 10 లక్షల డిపాజిట్ ప్రకటించింది. ఆ సాయం అవసరమే. ఆ పిల్లల్లో చాలామంది శవాన్ని చూడలేదు, ముఖం కనపడకుండా చుట్టిన మూటని దూరం నుంచి చూశారు, పెద్దకర్మకి జనం రాలేదు. ఆ లోటుకి పథకం ఉండదు. ఆలస్యంగానైనా ఒక సంవత్సరీకం రోజున అందరినీ పిలిచి, పిల్లలకి ఒక పని అప్పగించి, పోయిన మనిషి కథలు చెప్పించిన ఇళ్ళలో ఆ లోటు కొంత తీరగలదు.

ఆత్మహత్యతో పోయిన ఇంట్లో నిజం దాచాలన్న ఒత్తిడి ఎక్కువ. ఊళ్ళో పిల్లలు రేపే చెప్పేస్తారు, అందుకని ముందు ఇంట్లోవాళ్ళే చెప్పడం మేలు. ఎలా చేసుకున్నారన్న వివరాలు అక్కరలేదు. నాన్న మనసుకి జబ్బులాంటి పెద్ద బాధ వచ్చింది, ఆ బాధలో తన ప్రాణం తానే తీసుకున్నాడు, నీవల్ల కాదు, మనకి అలాంటి బాధ వస్తే చెప్పుకోవడానికి మనుషులున్నారు. ఇంత చాలు. అప్పువల్ల, మార్కులవల్ల అని ఒకే కారణం చెబితే, అప్పో తక్కువ మార్కులో ఎదురైన రోజున పిల్లకి అదే దారి గుర్తొస్తుంది.

పక్క తడపడం, కడుపునొప్పి, తల్లిని వదలకపోవడం, కొన్ని వారాల చిరాకు మామూలే. నెలలు గడిచినా బడికి వెళ్ళలేకపోవడం, తిండీ నిద్రా దెబ్బతినడం, తనని తాను గాయపరచుకోవడం, చనిపోయి అమ్మ దగ్గరికి వెళ్తాననడం మామూలు కాదు. ఆఖరిది విన్న రోజే సాయం వెతకాలి. 2022లో అమెరికా మానసిక వైద్యుల వర్గీకరణలో చేరిన దీర్ఘకాలిక దుఃఖ రుగ్మతకి పెద్దల్లో గడువు పన్నెండు నెలలు, పిల్లల్లో ఆరు నెలలు. టెలీ-మానస్ 14416 నంబరుకి ఏ వేళనైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. పిల్లల రక్షణకి 1098 ఉంది.

మిగతా పిల్లలకి దుఃఖం పెద్దయ్యేకొద్దీ కొత్త అర్థంతో తిరిగొస్తుంటుంది. నాలుగేళ్ళప్పుడు తల్లి పోయిన పిల్ల పదకొండేళ్ళకి అది ఏ జబ్బని అడుగుతుంది, పెద్దమనిషైన రోజున గదిలో తలుపు వేసుకుని ఏడుస్తుంది, ఇరవై ఏళ్ళకి ఆ జబ్బు తనకీ వస్తుందా అని పరీక్ష చేయించుకుంటుంది. ప్రతిసారీ ఆ కథ ఆ వయసుకి తగినంత కొత్తగా చెప్పేవాళ్ళు ఒకరు కావాలి. అమ్మమ్మో, పెద్దమ్మో, అప్పటి పక్కింటావిడో. పెళ్ళి శుభలేఖ అచ్చుకిచ్చేటప్పుడు తల్లి పేరు ముందు ‘కీ.శే.’ అని వేయాలా, ఊరికే పేరు వేస్తే చాలా అన్న మాట వస్తుంది. అక్కడ బాబాయిలు తేల్చేలోపు పెళ్ళికూతురిని ఒకసారి అడుగుతారు.